ఒక్క హిట్, ఒక్క రన్, రెండింటికీ సంబంధం లేదు: బేస్‌బాల్ స్కోర్‌కార్డ్ ఎలా చదవాలి?

ఈ ఎపిసోడ్ ఒక ఫోటోతో మొదలైంది. డాలస్ దగ్గర ఎంఎస్ చేస్తున్న మన సబ్‌స్క్రైబర్ తమ్ముడు ఒకతను ఫ్రెండ్స్‌తో కలిసి ఫస్ట్ టైమ్ బేస్‌బాల్ మ్యాచ్‌కి వెళ్ళాడంట. స్టేడియంలో స్కోర్‌బోర్డ్ ఫోటో తీసి పంపాడు. కింద ఒకే ఒక్క ప్రశ్న. "అన్నా, ఆర్ అంటే రన్స్, హెచ్ అంటే హిట్స్, ఓకే. చివర్లో ఈ అని ఇంకో గడి ఉంది. ఎర్రర్స్ అంట. తప్పులు కూడా స్కోర్‌బోర్డ్ మీద వేస్తారా వీళ్ళు?"

వేస్తారు తమ్ముడూ. బోర్డు మీద టీమ్ మొత్తం తప్పులు ఎన్నో వేస్తారు. మర్నాడు వచ్చే స్కోర్‌కార్డ్‌లో అయితే ఎవరు చేశారో పేరుతో సహా వేస్తారు. అది అక్కడే ఉండిపోతుంది, అరవై ఏళ్ళయినా పోదు. ఇవాళ అలాంటి ఒక్క మ్యాచ్ తీసుకుని, దాని స్కోర్‌కార్డ్ మొత్తం కలిసి చదువుదాం. వాళ్ళు దాన్ని బాక్స్ స్కోర్ అంటారు. మనమూ అదే అందాం.

మ్యాచ్ ఏది అంటే, 1965 సెప్టెంబర్ 9, లాస్ ఏంజెలెస్, డాడ్జర్ స్టేడియం. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ వర్సెస్ చికాగో కబ్స్. చూడ్డానికి వచ్చిన వాళ్ళు 29,139 మంది. మొత్తం మ్యాచ్ అయిపోవడానికి పట్టిన టైమ్ 1 గంట 43 నిమిషాలు. మన సినిమా ఒకటి చూసే టైమ్ కూడా కాదు. ఇవన్నీ బాక్స్ స్కోర్ అడుగున చిన్న అక్షరాల్లో ఉండేవే.

బేస్‌బాల్ అస్సలు తెలియని వాళ్ళ కోసం రెండు నిమిషాలు. తెలిసిన వాళ్ళు ఈ పేరా దాటేయండి. ఒక్కో టీమ్‌కి తొమ్మిది ఇన్నింగ్స్. ఇన్నింగ్స్ అంటే మన యాభై ఓవర్లు కాదు, మూడు అవుట్లు అంతే. మూడు అవుట్లు కాగానే అవతలి టీమ్ బ్యాటింగ్. బంతి వేసేవాడు పిచర్. బ్యాటర్ వెనకాల కూర్చుని పట్టేవాడు క్యాచర్, మన కీపర్ లాంటివాడు అనుకోండి. మూడు స్ట్రైకులు పడితే బ్యాటర్ అవుట్. పిచర్ నాలుగు బంతులు దారి తప్పి వేస్తే బ్యాటర్‌కి ఫ్రీగా ఫస్ట్ బేస్, దాన్ని వాక్ అంటారు. ఫస్ట్, సెకండ్, థర్డ్ దాటి మళ్ళీ బయల్దేరిన చోటుకి, అంటే హోమ్‌కి వస్తే ఒక రన్. అందుకే ఇక్కడ ఒక్క రన్ అంటే మన సింగిల్ కాదు. ఒక మనిషి మొత్తం చుట్టు తిరిగి ఇంటికి రావడం.

ఇప్పుడు స్క్రీన్ మీద చూడండి. దీన్ని లైన్ స్కోర్ అంటారు. ఎడమ నుంచి తొమ్మిది ఇన్నింగ్స్, చివర్లో రన్స్, హిట్స్, ఎర్రర్స్.

కబ్స్: 000 000 000 — 0 0 1
డాడ్జర్స్: 000 010 00ఎక్స్ — 1 1 0

డాడ్జర్స్ తొమ్మిదో గడిలో ఎక్స్ ఎందుకంటే, వాళ్ళు అప్పటికే లీడ్‌లో ఉన్నారు కాబట్టి చివరి ఇన్నింగ్స్ ఆడాల్సిన పని లేదు. మ్యాచ్ 1-0. ఇంతకంటే దగ్గరి మ్యాచ్ ఈ ఆటలో ఉండదు.

ఆ చివరి మూడు గడులు ఇంకోసారి చూడండి. రెండు టీములకీ కలిపి ఒక్కటంటే ఒక్క హిట్. తొమ్మిది ఇన్నింగ్స్ మ్యాచ్‌లో మేజర్ లీగ్ చరిత్రలో ఇంతకంటే తక్కువ హిట్లు లేవు. ఒక రన్, ఒక హిట్, ఒక ఎర్రర్. మామూలుగా ఎవరైనా ఏమనుకుంటారు? ఆ ఒక్క హిట్ వల్లే ఆ ఒక్క రన్ వచ్చుంటుంది అనుకుంటారు. నేనూ ఫస్ట్ అలాగే అనుకున్నా. కాదు. ఆ హిట్‌కీ ఆ రన్‌కీ ఏ సంబంధమూ లేదు. అది ఎలాగో తెలియాలంటే కింద ఉన్న పట్టికలోకి దిగాలి.

ముందు కబ్స్ బ్యాటింగ్ పట్టిక. ఇది చదవడం చాలా ఈజీ, ఎందుకంటే అంతా సున్నాలే. డాన్ యంగ్ 3 0 0 0. బెకర్ట్ 3 0 0 0. బిల్లీ విలియమ్స్ 3 0 0 0. రాన్ శాంటో 3 0 0 0. ఎర్నీ బ్యాంక్స్ 3 0 0 0. ఆ మొదటి అంకె బ్యాటింగ్‌కి ఎన్నిసార్లు దిగారు అని. తర్వాత రన్స్, హిట్స్, ఆర్‌బీఐలు. ఆర్‌బీఐ అంటే వీడు కొట్టడం వల్ల ఎన్ని రన్లు ఇంటికి వచ్చాయి అని. విలియమ్స్, శాంటో, బ్యాంక్స్ ముగ్గురూ తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్ళినవాళ్ళే. ఆ రోజు ముగ్గురూ కలిసి తొమ్మిదిసార్లు దిగి ఒక్కసారి కూడా ఫస్ట్ బేస్ ముఖం చూడలేదు.

ఆ 3 అనే అంకె ఈ వరసల్లో ఒకేలా ఉండటం గమనించారా? తొమ్మిది ఇన్నింగ్స్, ఇన్నింగ్స్‌కి మూడు అవుట్లు, మొత్తం 27. వచ్చిన బ్యాటర్లు కూడా సరిగ్గా 27 మందే. వచ్చినవాడు వచ్చినట్టు వెనక్కి. హిట్ లేదు, వాక్ లేదు, ఎర్రర్ మీద కూడా ఎవరూ బేస్ ఎక్కలేదు. దీన్ని పర్ఫెక్ట్ గేమ్ అంటారు. తొమ్మిది స్థానాలు, ఒక్కో స్థానానికి మూడు సార్లు. ఆ కాలమ్ కూడితే 27 వస్తుంది. పిచర్ పేరు శాండీ కోఫాక్స్. 14 మందిని స్ట్రైకవుట్ చేశాడు, వేసిన బంతులు 113. ఎనిమిది, తొమ్మిది ఇన్నింగ్స్‌లో వచ్చిన ఆరుగురూ స్ట్రైకవుట్. ఒక పర్ఫెక్ట్ గేమ్‌లో 14 స్ట్రైకవుట్లు అనేది అప్పటికి రికార్డు. 2012లో మ్యాట్ కెయిన్ దాన్ని సమం చేశాడు కానీ దాటలేదు.

ఈ మ్యాచ్ గురించి ఎక్కడ చూసినా కోఫాక్స్ గురించే ఉంటుంది. న్యాయమే. కానీ నాకు ఇంట్రెస్ట్ అనిపించింది అవతలి పక్క. ఎందుకంటే, ఇటు పక్క మనిషి చరిత్ర సృష్టిస్తుంటే అటు పక్క ఇంకొకడు దాదాపు అంతే బాగా వేస్తున్నాడు. అతని పేరు బాబ్ హెండ్లీ, కబ్స్ పిచర్. ఏడో ఇన్నింగ్స్‌లో రెండు అవుట్లు పడేదాకా హెండ్లీ కూడా ఒక్క హిట్ ఇవ్వలేదు. రెండు వైపులా హిట్ల గడిలో సున్నాలు పెట్టుకుని ఏడో ఇన్నింగ్స్ దాకా వచ్చింది మ్యాచ్. కాకపోతే అప్పటికే డాడ్జర్స్ రన్స్ గడిలో 1 పడిపోయి ఉంది.

ఎలా పడింది? ఐదో ఇన్నింగ్స్. డాడ్జర్స్ బ్యాటర్ లూ జాన్సన్ దిగాడు. హెండ్లీ నాలుగు బంతులు బయటికి వేశాడు, వాక్. జాన్సన్ ఫస్ట్ బేస్‌కి నడుచుకుంటూ వెళ్ళాడు. ఆ మ్యాచ్ మొత్తంలో ఇచ్చిన వాక్ అదొక్కటే. తర్వాత రాన్ ఫెయిర్లీ దిగాడు. అతను కావాలనే బంతిని మెల్లగా ముందర పడేలా ఆడి, తను అవుటైపోయి, జాన్సన్‌ని సెకండ్ బేస్‌కి చేర్చాడు. దీన్ని శాక్రిఫైస్ అంటారు. బాక్స్ స్కోర్ దీన్ని కూడా గుర్తుపెట్టుకుంటుంది. టీమ్ కోసం అవుటయ్యాడు కాబట్టి అతని బ్యాటింగ్ యావరేజ్ పాడు కాకుండా ఆ అవుట్‌ని లెక్కలోంచి తీసేస్తుంది. అందుకే ఫెయిర్లీ మూడుసార్లు దిగినా అతని పక్కన 3 కాదు, 2 ఉంటుంది.

ఇప్పుడు జాన్సన్ సెకండ్ బేస్ మీద, ఒక అవుట్. పిచర్ బంతి వేస్తుండగా జాన్సన్ థర్డ్ బేస్ వైపు పరుగు అందుకున్నాడు. స్టీల్, అంటే దొంగతనం. క్యాచర్ పేరు క్రిస్ క్రుగ్. అతను బంతి అందుకుని థర్డ్ బేస్‌కి విసిరాడు. ఆ త్రో అక్కడున్న శాంటో చేతికి అందకుండా ఎత్తులో దాటిపోయి లెఫ్ట్ ఫీల్డ్‌లోకి పోయింది. జాన్సన్ లేచి ఇంటికి పరిగెత్తాడు. రన్.

వాక్, శాక్రిఫైస్, స్టీల్, ఎర్రర్. బ్యాట్‌తో గట్టిగా కొట్టినవాడు ఎవరూ లేరు. అందుకే ఈ బాక్స్ స్కోర్‌లో ఒక వింత కనిపిస్తుంది. డాడ్జర్స్ రన్స్ కాలమ్ కింద 1 ఉంటుంది, ఆర్‌బీఐ కాలమ్ కింద సున్నా ఉంటుంది. మ్యాచ్ గెలిపించిన రన్‌ని "నేను తెచ్చాను" అని చెప్పుకోడానికి డాడ్జర్స్‌లో మనిషే లేడు. కాకపోతే అవతలి టీమ్‌లో దానికి బాధ్యుడు ఉన్నాడు. అడుగున ఒక లైన్, ఎర్రర్: క్రుగ్.

మరి ఆ ఒక్క హిట్? అది ఏడో ఇన్నింగ్స్‌లో. రెండు అవుట్ల తర్వాత మళ్ళీ అదే లూ జాన్సన్. గట్టి షాట్ ఏం కాదు, బ్యాట్‌కి సరిగ్గా తగలని బంతి గాల్లోకి లేచి ఫీల్డర్లెవరూ లేని చోట పడింది. జాన్సన్ సెకండ్ బేస్ చేరాడు. తర్వాత వచ్చిన ఫెయిర్లీ అవుట్. జాన్సన్ అక్కడే నిలబడిపోయాడు. హిట్ వేస్ట్. మొత్తం మ్యాచ్‌లో రెండు టీములకీ కలిపి బేస్ ఎక్కింది రెండే రెండు సార్లు, రెండుసార్లూ ఒకే మనిషి. అది కూడా రికార్డే.

సరే, ఇప్పుడు హెండ్లీ వరస చదువుదాం. ఇన్నింగ్స్ 8, హిట్స్ 1, రన్స్ 1, ఎర్న్‌డ్ రన్స్ 0, వాక్స్ 1, స్ట్రైకవుట్స్ 3. పేరు పక్కన చిన్న అక్షరం ఎల్. లాస్. ఓడిపోయిన పిచర్.

రన్స్ 1, ఎర్న్‌డ్ రన్స్ 0. ఈ రెండింటి మధ్య తేడా అర్థమైతే బాక్స్ స్కోర్ సగం అర్థమైనట్టే. మన క్రికెట్‌లో బైస్, లెగ్ బైస్ ఉంటాయి కదా. అవి టీమ్ స్కోర్‌లో పడతాయి, బౌలర్ ఖాతాలో పడవు. బేస్‌బాల్ వాళ్ళు అదే ఐడియాని ఇంకా చాలా దూరం తీసుకెళ్ళారు. ఒక రన్ వచ్చిన తర్వాత, ఆ ఇన్నింగ్స్‌ని ఎర్రర్ లేకుండా మళ్ళీ ఊహించుకుంటారు. క్రుగ్ త్రో శాంటో చేతిలో పడి ఉంటే? జాన్సన్ థర్డ్ బేస్ దగ్గర ఆగిపోయేవాడు. తర్వాతి ఇద్దరూ అవుటయ్యారు. అంటే ఆ రన్ వచ్చేది కాదు. కాబట్టి అది పిచర్ తప్పు వల్ల వచ్చిన రన్ కాదు, అతని రన్ యావరేజ్‌లో కలపరు. హెండ్లీ ఎనిమిది ఇన్నింగ్స్ వేసి సున్నా ఇచ్చినట్టే లెక్క.

మరి ఎల్ ఎందుకు? అది వేరే రూల్. అవతలి టీమ్‌కి గెలుపు రన్ ఎవరి ఖాతాలో ఉన్న రన్నర్ వల్ల వచ్చిందో, ఓటమి ఆ పిచర్ పేరు మీద రాస్తారు. ఎర్న్‌డా కాదా అని చూడరు. జాన్సన్‌కి వాక్ ఇచ్చింది హెండ్లీ, కాబట్టి ఎల్ హెండ్లీకి. ఒకే కాగితం ఒక గడిలో "నీ తప్పేం లేదు" అంటుంది, పక్క గడిలో "ఓడింది నువ్వే" అంటుంది. ఇది నాకు బగ్ లాగే కనిపిస్తుంది, కానీ నూటికి పైగా ఏళ్ళ నుంచి ఎవరూ ఫిక్స్ చేయలేదు.

ఇక్కడ మన క్రికెట్‌తో ఒక పోలిక చెప్పాలి, ఎందుకంటే తమ్ముడి అసలు డౌట్ ఇదే. 2019 జూలై 14, లార్డ్స్, వరల్డ్ కప్ ఫైనల్. మీలో చాలామంది లైవ్ చూసే ఉంటారు. చివరి ఓవర్ ట్రెంట్ బౌల్ట్ వేస్తున్నాడు. గప్టిల్ విసిరిన త్రో, డైవ్ కొడుతున్న స్టోక్స్ బ్యాట్‌కి తగిలి బౌండరీకి పోయింది. ఆరు రన్లు ఇచ్చారు. ఇప్పుడు ఆ మ్యాచ్ స్కోర్‌కార్డ్ ఓపెన్ చేసి ఆ సంఘటన ఎక్కడుందో వెతకండి. ఆ ఆరు రన్లూ స్టోక్స్ ఖాతాలో ఉన్నాయి, బౌల్ట్ బౌలింగ్ ఫిగర్స్‌లోనూ ఉన్నాయి. త్రో అనేది ఒకటి జరిగిందని స్కోర్‌కార్డ్‌కి తెలియనే తెలియదు. క్యాచ్ వదిలేసినా అంతే. వదిలినవాడి పేరు మన స్కోర్‌కార్డ్‌లో ఉండదు, ఆ తర్వాత బ్యాటర్ కొట్టిన వంద మాత్రం బౌలర్‌కి పడుతుంది. క్రికెట్ స్కోర్‌కార్డ్ ఫీల్డర్‌ని క్షమించేసి బిల్లు బౌలర్‌కి పంపిస్తుంది. బేస్‌బాల్ బౌలర్‌ని కాపాడి, ఫీల్డర్‌ని పేరు పెట్టి పిలుస్తుంది.

ఏది కరెక్ట్ అంటే... ఆగండి, దానికి వస్తా. ముందు ఒక ఫన్నీ విషయం. ఈ బాక్స్ స్కోర్‌ని తయారు చేసింది క్రికెట్ మనిషే. హెన్రీ చాడ్విక్ అని, 1824లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో పుట్టాడు. చిన్నప్పుడే కుటుంబంతో న్యూయార్క్ పక్కన బ్రూక్లిన్ వచ్చేశాడు. పేపర్లకి క్రికెట్ మ్యాచ్‌లు రిపోర్ట్ చేసేవాడు. తర్వాత బేస్‌బాల్ మీద మనసు పడి, క్రికెట్ స్కోర్‌కార్డ్ పద్ధతిని దానికి తగ్గట్టు మార్చాడు. స్ట్రైకవుట్‌కి కే అనే గుర్తు పెట్టింది కూడా ఆయనే. ఎస్ అనే అక్షరం అప్పటికే వేరే దానికి వాడేశారు కాబట్టి, "స్ట్రక్" అనే మాటలో చివరి అక్షరం తీసుకున్నాడు. వేరియబుల్ నేమ్స్ అయిపోయినప్పుడు మనం చేసే పనే కదా అది. 1938లో ఆయన్ని హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు.

ఆటగాళ్ళకి నంబర్లు కూడా ఉంటాయి. జెర్సీ నంబర్లు కాదు, స్థానాల నంబర్లు. పిచర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, థర్డ్ బేస్ 5, షార్ట్‌స్టాప్ 6, లెఫ్ట్ ఫీల్డ్ 7, సెంటర్ 8, రైట్ 9. స్కోరర్ బుక్‌లో ఆ ఐదో ఇన్నింగ్స్ త్రో ఈ2 అవుతుంది. ఈ అంటే ఎర్రర్, 2 అంటే క్యాచర్. ఒక మనిషి జీవితంలో ఒక రాత్రి రెండు క్యారెక్టర్లలో ఇరికిపోయింది.

ఎర్రర్ అని ఎవరు డిసైడ్ చేస్తారు? అంపైర్ కాదు. అఫీషియల్ స్కోరర్ అని ఒక మనిషి ప్రెస్ బాక్స్‌లో కూర్చుంటాడు. ఆ రోజుల్లో ఎక్కువగా పేపర్ రిపోర్టర్లే ఈ పని చేసేవాళ్ళు. రూల్ ఏమంటుందంటే, ఆ స్థాయి ఫీల్డర్ మామూలు ప్రయత్నంతో చేయగలిగే పని చేయలేకపోతే ఎర్రర్. మామూలు ప్రయత్నం అంటే ఎంత? అది ఆ స్కోరర్ కంటికి వదిలేశారు. అంటే దశాంశాలతో, యావరేజ్‌లతో చాలా సైంటిఫిక్‌గా కనిపించే ఈ పట్టికలో, మధ్యలో ఒక మనిషి అభిప్రాయం కూర్చుని ఉంది. క్రుగ్ త్రో విషయంలో ఎవరికీ డౌట్ లేదనుకోండి. కానీ రన్నర్‌కి వాక్ ఇచ్చింది హెండ్లీ. ధైర్యం చేసి పరిగెత్తింది జాన్సన్. తన అవుట్ ఇచ్చి అతన్ని సెకండ్ బేస్ దాకా తోసింది ఫెయిర్లీ. తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఒక్క రన్ కూడా చేయలేకపోయింది కబ్స్ బ్యాటర్లు అందరూ. పేరు మాత్రం ఒక్కడిది.

ఈ స్క్రిప్ట్ రాస్తున్నప్పుడు నాకు నా పాత ఉద్యోగం గుర్తొచ్చింది. ఒక కంపెనీలో ఉన్నప్పుడు, ఒక రాత్రి మా సర్వీస్ రెండు గంటలు పడిపోయింది. మర్నాడు కారణం రాసే డాక్యుమెంట్‌లో ఒక లైన్ ఉంది: ఫలానా కమిట్. ఆ కమిట్ నాది. అబద్ధం కాదు, కోడ్ నేనే రాశా. కానీ దాన్ని రివ్యూ చేసి ఓకే అన్నవాళ్ళు, టెస్టింగ్‌కి టైమ్ లేదు పుష్ చేసేయ్ అన్నవాళ్ళు, అలారం మోగినా చూడనివాళ్ళు, వీళ్ళెవరికీ అందులో కాలమ్ లేదు. రిజైన్ చేసేదాకా ఆ లైన్ నా వెనకాలే తిరిగింది. అప్పట్లో చాలా కోపం వచ్చేది. ఇప్పుడు చూస్తే, ఆ డాక్యుమెంట్ తప్పు చెప్పలేదు, తక్కువ చెప్పింది. అందుకే క్రుగ్ లైన్ చూసినప్పుడు నేను అక్కడ ఆగిపోయా.

ఏది కరెక్ట్ అన్న ప్రశ్నకి నా ఒపీనియన్ ఇది. నేను బేస్‌బాల్ పద్ధతి వైపే ఉంటా. బాధగా ఉన్నా. ఎందుకంటే క్రుగ్ పేరు రాయకపోతే ఆ రన్ హెండ్లీ మీద పడుతుంది, ఆ ఒక్క రాత్రికే కాదు, సీజన్ అంతా అతని యావరేజ్‌లో మోస్తాడు. అప్పుడు తప్పు మాయం కాదు, అడ్రస్ మారుతుంది అంతే. కాకపోతే పేరు రాసే గడి పక్కన, మిగతా గడులు కూడా చదివే ఓపిక చదివేవాడికి ఉండాలి.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన పార్ట్. బాక్స్ స్కోర్‌కి టాలీ చెకింగ్ ఉంటుంది. రూల్‌బుక్‌లోనే ఉంది. ఒక టీమ్ బ్యాటర్లు ఎన్నిసార్లు దిగారో, వాళ్ళ వాక్స్, శాక్రిఫైస్‌లు, బంతి తగిలి బేస్‌కి వెళ్ళినవి, ఇవన్నీ కూడితే వచ్చే సంఖ్య... ఆ టీమ్ రన్స్, బేస్‌ల మీద మిగిలిపోయినవాళ్ళు, అవతలి టీమ్ చేసిన అవుట్లు, ఈ మూడింటి మొత్తానికి సమానం కావాలి. లాజిక్ సింపుల్. దిగిన ప్రతి మనిషీ మూడింట్లో ఒకటి అవ్వాల్సిందే. ఇంటికి రావాలి, దారిలో ఆగిపోవాలి, లేదా అవుటవ్వాలి. నాలుగో దారి లేదు.

డాడ్జర్స్‌కి వేద్దాం. లెక్కలోకి వచ్చే బ్యాటింగ్‌లు 24. వాక్ 1. శాక్రిఫైస్ 1. మొత్తం 26. ఇటు పక్క, రన్ 1, మిగిలిపోయినవాడు 1, కబ్స్ చేసిన అవుట్లు 24. మొత్తం 26. సరిపోయింది. ఆ ఎడమ పక్క వాక్, కుడి పక్క రన్, రెండూ జాన్సనే. కుడి పక్క "మిగిలిపోయినవాడు" కూడా జాన్సనే. ఇప్పుడు కబ్స్. ఎడమ పక్క 27, ఇంకేం లేవు. కుడి పక్క సున్నా, సున్నా, 27. అకౌంట్స్ చదివిన వాళ్ళకి ఇది ట్రయల్ బ్యాలన్స్‌లా ఉంటుంది. నాకు చెక్‌సమ్‌లా ఉంది. పెన్సిల్‌తో రాసుకునే రోజుల్లోనే వీళ్ళు డేటాకి వ్యాలిడేషన్ పెట్టుకున్నారు.

కానీ చెక్‌సమ్ సరిపోయినంత మాత్రాన కథ మొత్తం వచ్చినట్టు కాదు. ఉదాహరణకి కబ్స్ టీమ్‌లో ఇద్దరు, డాన్ యంగ్, బైరన్ బ్రౌన్, ఆ రోజే మేజర్ లీగ్‌లో మొదటి మ్యాచ్ ఆడుతున్నారు. జీవితంలో మొదటి రోజు, ఎదురుగా పర్ఫెక్ట్ గేమ్ వేస్తున్న కోఫాక్స్. బాక్స్ స్కోర్‌లో వాళ్ళిద్దరి 3 0 0 0, ఎర్నీ బ్యాంక్స్ 3 0 0 0 అచ్చం ఒకేలా ఉంటాయి.

ఇంకొకటి. తొమ్మిదో ఇన్నింగ్స్, కబ్స్‌కి చివరి చాన్స్. ఒక్క రన్ చేస్తే మ్యాచ్ సమం. మొదట దిగాల్సింది ఎవరో తెలుసా? క్రిస్ క్రుగ్. తన త్రో వల్ల పోయిన రన్‌ని తనే తిరిగి తెచ్చే అవకాశం. స్ట్రైకవుట్. తర్వాత కెసింజర్ బదులు దిగిన అమాల్ఫిటానో స్ట్రైకవుట్. ఇరవై ఏడోవాడు, హెండ్లీ బదులు దిగిన హార్వీ క్యూన్. అతనూ స్ట్రైకవుట్. ఈ క్యూన్ సంగతి కూడా పాపం చెప్పాలి, 1963లో కోఫాక్స్ నో-హిట్టర్ వేసినప్పుడు కూడా చివరి అవుట్ ఇతనే, అప్పుడు వేరే టీమ్‌లో ఉన్నాడు.

ఒక్క రన్ అంత ముఖ్యమా అంటే, ఆ సీజన్ చివర్లో చూడండి. డాడ్జర్స్ 97 గెలుపులు, రెండో స్థానంలో శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ 95 గెలుపులు. తేడా రెండంటే రెండు మ్యాచ్‌లు. ఆ రోజుల్లో ప్లేఆఫ్‌లు ఇన్ని లేవు, లీగ్‌లో ఫస్ట్ వచ్చినవాడే వరల్డ్ సిరీస్‌కి. డాడ్జర్స్ వెళ్ళారు, మిన్నెసోటా ట్విన్స్ మీద ఏడు మ్యాచ్‌ల్లో గెలిచారు. కోఫాక్స్ ఆ ఏడాది 26 గెలుపులు, 382 స్ట్రైకవుట్లు. మరుసటి ఏడాదే, 30 ఏళ్ళ వయసులో, మోచేతి ఆర్థరైటిస్ వల్ల రిటైర్ అయిపోయాడు. కబ్స్ ఆ సీజన్ 72 గెలిచి 90 ఓడారు. ఆ 90లో ఒకటి ఈ ఎల్.

ఈ పాత మ్యాచ్‌లన్నీ ఎక్కడ దొరుకుతాయి అని కామెంట్స్‌లో అడుగుతారని తెలుసు. రెట్రోషీట్ అని ఒక సైట్ ఉంది. డెలావేర్ యూనివర్సిటీలో బయాలజీ ప్రొఫెసర్ డేవిడ్ స్మిత్ 1989లో మొదలుపెట్టాడు. పాత స్కోర్‌షీట్లు ఎక్కడెక్కడివో సేకరించి, వాలంటీర్లతో ఒక్కో మ్యాచ్ ఒక్కో ఎంట్రీగా టైప్ చేయించారు. డేటా మొత్తం ఫ్రీ. పైథాన్ నేర్చుకుంటూ ప్రాజెక్ట్ ఐడియా కోసం వెతుకుతున్న వాళ్ళకి ఇంతకంటే మంచి డేటా నాకైతే తెలియదు. టైటానిక్ డేటాసెట్ ఇక వదిలేయండి బాబూ, మునిగింది మునిగింది.

అక్కడ ఈ మ్యాచ్ చూశాక, ఐదు రోజులు ముందుకి జరగండి. 1965 సెప్టెంబర్ 14, ఈసారి చికాగోలో, రిగ్లీ ఫీల్డ్. అవే రెండు టీములు. అవే ఇద్దరు పిచర్లు, కోఫాక్స్ వర్సెస్ హెండ్లీ. మళ్ళీ ఒక్క రన్ తేడా. కబ్స్ 2, డాడ్జర్స్ 1. హెండ్లీ పక్కన డబ్ల్యూ, కోఫాక్స్ పక్కన ఎల్.

ఆ రెండో మ్యాచ్ బాక్స్ స్కోర్ మీకు హోమ్‌వర్క్. రెండు టీములకీ టాలీ వేసి కామెంట్‌లో పెట్టండి, నేను చెక్ చేస్తా. డాలస్ తమ్ముడూ, నువ్వు ఫస్ట్ వేయాలి. ఉంటాను ఫ్రెండ్స్, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.